ఐదో కాలి వెంట్రుకలు

కొత్త జాతి పురుగును కనుక్కున్నవాడికి పూలదండలు వేస్తారని చదువుకునే రోజుల్లో అనుకునేవాణ్ణి. నా మీద కేసు వేశారు.

యుద్ధం అయిపోయిన కొత్తల్లో తిరుపతిలో ఒక కాలేజీలో జంతుశాస్త్రం డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. మద్రాసులో చదివినవాణ్ణి కాబట్టి సముద్రం మీద మమకారం ఎక్కువ. తిరుపతిలో సముద్రం లేదు గానీ, పులికాటు వైపు నుంచి గంపల్లో సముద్రపు చేపలు వచ్చేవి. అందరూ మొప్ప ఎత్తి చేప తాజాదా కాదా అని చూస్తారు. నేను ఆ మొప్పల్లో భూతద్దం పెట్టి, అక్కడ ఏం కాపురం చేస్తోందో చూసేవాణ్ణి. చూసి, కావలసింది కనబడకపోతే చేప కొనకుండా వెళ్ళిపోయేవాణ్ణి.

"కొనేదుంటే కొను సామీ, లేకుంటే అవతలికి జరుగు. నా చేపకు జబ్బుండాదని ఊరంతా అనుకుంటా ఉండారు" అని చేపలామె కసిరేది. ఆమె కోపంలో న్యాయముంది. మొప్పల్లో ఆ కొత్త పురుగు మొదటిసారి కనబడ్డ రోజు నేను సంతోషం పట్టలేక "పురుగు, పురుగు!" అని అరిచాను. ఆ పూట ఆమె గంప దగ్గరికి ఒక్కరూ రాలేదు.

అది రొయ్యకూ పీతకూ దూరపు చుట్టం. పెంకు ఉంది, కీళ్ళ కాళ్ళున్నాయి, కానీ మొత్తం కలిపి నువ్వుగింజంత. మద్రాసు నుంచి తెప్పించిన పుస్తకాలన్నీ తిరగేశాను, అలాంటిది ఎక్కడా లేదు. దాన్ని వర్ణించి పత్రికకు పంపితే శాస్త్రంలో దానికో పేరు, పక్కన నా పేరు ఉంటాయి. వర్ణన అంటే కవులు చేసేది కాదు. ఏ కాలికి ఎన్ని కీళ్ళు, ఏ కీలుకు ఎన్ని వెంట్రుకలు, అంతే. ఊరికి వచ్చినవాళ్ళంతా కొండెక్కి తల వెంట్రుకలు ఇచ్చి పోతుంటే, నేను కింద కూర్చుని పురుగు కాలి వెంట్రుకలు లెక్కపెడుతుండేవాణ్ణి.

చిక్కేమిటంటే నాకు దొరికినవన్నీ ఆడవే. మగది లేకుండా వర్ణన పంపవద్దని మద్రాసులో మా ప్రొఫెసరు గట్టిగా రాశారు. ఎనిమిది నెలలు వెతికాను. పెళ్ళికొడుకు కోసం ఏ తండ్రీ అంత తిరిగి ఉండడు. చివరికి ఒకే ఒక్కటి దొరికింది, ఆవగింజలో సగం. దాన్ని స్పిరిటు పోసిన చిన్న గాజు గొట్టంలో దాచి, ఎండాకాలం సెలవుల్లో ప్రిన్సిపాలును అడిగి మైక్రోస్కోపునూ ఒక సీసా స్పిరిటునూ ఇంటికి తెచ్చుకున్నాను. నాలుగు జతల కాళ్ళు చూసి బొమ్మలు గీశాను. ఐదో జత మిగిలింది.

మా ఇంటాయన కోర్టులో జప్తులు చేసే అమీనాగా ఉండి రిటైరైనవాడు. నిష్ఠాపరుడు, మంచివాడు, కిటికీలోంచి చూసే అలవాటున్నవాడు. మా జిల్లాలో అప్పుడు మద్యనిషేధం గట్టిగా అమల్లో ఉంది. ఆయన చూసిందేమిటి? పొద్దున్నే ఒక కన్ను మూసుకుని ఇత్తడి గొట్టం మీద వాలిపోయిన మనిషి, పక్కన సీసా, గుప్పుమనే వాసన, లేస్తే తూలుడు.

"అయ్యోరూ, సదువుకున్నోళ్ళు మీరు. పొద్దన్నుంచే ఏందిది?" అని అడిగాడు.

"పని మామా" అన్నాను.

"ఎప్పుడు ముగుస్తాది ఈ పని?"

"ఐదో కాలొకటి మిగిలింది. అదైపోతే చాలు."

ఆయన నా రెండు కాళ్ళ వైపు చూసి, పైపంచె సర్దుకుని వీధిలోకి నడిచాడు.

మరునాడు మద్యనిషేధం ఎస్సై ఇద్దరు జవాన్లతో వచ్చాడు. వెనకాల ఇంటాయన కళ్ళనీళ్ళు పెట్టుకుని నిలబడ్డాడు. "మీ మంచికే చేసినా అయ్యోరూ. నాలుగు దినాలు లోపలుంటే మానుకుంటారు" అన్నాడు.

ఇద్దరు పెద్దమనుషులను పిలిచి, పట్టుకున్న వస్తువులకు మహజరు రాశారు. "సారాయి సీసా ఒకటి. సారాయి కాచే ఇత్తడి గొట్టాల యంత్రం ఒకటి. చిన్న గాజు గొట్టంలో సారాయి కొంచెం, అందులో నలుసు ఒకటి." నా కొత్త జాతి గురించి లోకంలో రాసిన మొదటి వాక్యం అదే. మా శాస్త్రంలో ముందు రాసినవాడిదే హక్కు. ఆ లెక్కన దాన్ని కనుక్కున్న ఘనత ఆ రాసిన జవానుకే దక్కాలి.

"సీసా ఏమైనా చేసుకోండి, ఆ గొట్టం మాత్రం తెరవద్దు. పుణ్యముంటుంది" అని ఎస్సైని బతిమాలాను. అదే నేను చేసిన తప్పు.

"ఓహో, దాంట్లోనే ఉండాదా అసలు సరుకు?" అని గొట్టానికి రెండింతలు లక్క వేయించాడు.

నన్ను జామీను మీద వదిలారు. వాయిదా రోజు పాకాల మీదుగా రైల్లో చిత్తూరు వెళ్ళాం. వెళ్ళాం అంటే నేనూ, నా మీద సాక్ష్యం చెప్పాల్సిన ఇంటాయనా. ఆయన పులిహోర కట్టుకొచ్చాడు. "దిగులుపడొద్దండి, నేను సూసిందే సెప్తా, జాస్తి సెప్పను" అని ధైర్యం చెబుతూ నాకు సగం పెట్టాడు. నిజానికి జైలు గురించి నాకు అంత దిగులు లేదు. ఆ గొట్టంలోని మగదానికి ఏమన్నా అయితే, నా ఎనిమిది నెలలూ పోతాయి, పేరూ పోతుంది. అదే భయం.

స్పిరిటు కాలేజీదేనని ప్రిన్సిపాలు రాసిచ్చిన ఉత్తరం మెజిస్ట్రేటు చదివాడు. "సరే, ఈ యంత్రంతో సారాయి కాయరని ఏమిటి రుజువు?" అని అడిగాడు.

"చూపిస్తానండీ" అన్నాను.

కిటికీ పక్కన బల్ల వేయించి, లక్క పగలగొట్టించి, మగదాన్ని గాజు పలక మీదికి తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ప్లీడర్లంతా చుట్టూ మూగారు. మెజిస్ట్రేటు కన్ను పెట్టి ఎంతసేపటికీ ఎత్తలేదు. తరవాత హోదా మరిచిపోయి, "అబ్బా! ఒంటికన్నుండాదే దీనికి!" అన్నాడు. సాక్షి కూడా చూస్తానన్నాడు. చూసి, గోవిందా గోవిందా అని లెంపలేసుకున్నాడు.

అక్కడితో వదిలేస్తే బాగుండేది. మెజిస్ట్రేటుకు ఉత్సాహం వచ్చింది. "మీరు ఒక్కొక్క కాలూ వర్ణించండి, నేను చూసి సరిచూస్తాను. సరిపోతే శాస్త్రం, సరిపోకపోతే సారాయి" అన్నాడు. నేను చెప్పడం, ఆయన చూసి తల ఊపడం, గుమాస్తా రాయడం. నాలుగు కాళ్ళూ వెంట్రుక తేడా లేకుండా సరిపోయాయి. అంత శ్రద్ధగా సరిచూసిన పరీక్షకుడు నాకు జీవితంలో మళ్ళీ దొరకలేదు.

ఐదో కాలు నేను అంతవరకూ చూడలేదు. వంగి చూశాను. నాలుగు వెంట్రుకలు. నాలుగోది సన్నగా, మూడోదాని మీద పడుకుని ఉంది.

"నాలుగండీ" అన్నాను.

ఆయన చూశాడు. "మూడే."

"ఇంకొక్కసారి చూడండి, మూడోదాని మీద..."

మళ్ళీ చూశాడు. "మూడే. ప్రమాణం చేసి చెబుతున్నారు, గుర్తుంచుకోండి" అన్నాడు.

ఎస్సై మీసం కింద నవ్వుతున్నాడు. నాకు ఉద్యోగం గుర్తొచ్చింది, నా జీతం కోసం ఎదురుచూసే మా నాయన గుర్తొచ్చాడు.

"చిత్తం. మూడే" అన్నాను. గుమాస్తా రాసుకున్నాడు. మగదాన్ని మళ్ళీ స్పిరిటు గొట్టంలో వేసి బంట్రోతు చేతికిచ్చాను.

తీర్పు చల్లగానే వచ్చింది. స్పిరిటు కాలేజీ దాటించినందుకు మందలింపు. మైక్రోస్కోపు కాలేజీకి. సారాయి పారబోయాలి. నలుసును ముద్దాయికి తిరిగి ఇవ్వాలి.

సంతకాలు పెట్టి బయటికి పరుగెత్తేసరికి, బంట్రోతు వేపచెట్టు కింద గొట్టాన్ని తన తువ్వాలు కొసలో వడగట్టేశాడు. నలుసును వేలికొసతో తీసి, విభూతి పొట్లం కట్టినట్టు కాగితంలో మడిచి నా చేతిలో పెట్టాడు. "ఆర్డరు ప్రకారం సారాయి పారబోసినా సామీ. మీ నలుసు బద్రంగా ఉండాది" అన్నాడు.

తిరుపతి చేరి దాన్ని తడిపి కాలేజీలో మైక్రోస్కోపు కింద పెట్టాను. పురుగు కాదు, నశ్యం. ఆ తువ్వాలు నిండా అదే ఉండేదేమో. ఇంటికొచ్చి కూర్చుని ఏడ్చాను. పెద్దవాణ్ణి, జీతం తెచ్చుకునేవాణ్ణి, గట్టిగానే ఏడ్చాను.

ఇంటాయన గుమ్మంలో నిలబడి చూశాడు. "ఇంగొకటి దొరకతాదిలే అయ్యోరూ" అన్నాడు. మరునాడు పొద్దున నాకంటే ముందు తయారై, నాతోబాటు చేపల అంగడికి వచ్చాడు. పుట్టి బుద్ధెరిగి చేపను ముట్టని మనిషి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మొప్పలు ఎత్తి పట్టుకున్నాడు. అలా వర్షాకాలం దాకా తిరిగాం. మగది మళ్ళీ దొరకలేదు.

నాలుగు కాళ్ళ బొమ్మలు కాక మిగిలిందల్లా నా వాంగ్మూలమే. దరఖాస్తు పెట్టి, కోర్టు ముద్ర వేసిన నకలు తెచ్చుకున్నాను. దాన్ని ముందు పెట్టుకుని వర్ణన పూర్తి చేస్తూ ఐదో కాలి దగ్గర ఆగాను. నకలులో మూడు. నా కంటిలో నాలుగు. మళ్ళీ చూద్దామంటే పురుగు లేదు. ప్రొఫెసరు ఆధారం అడిగితే చూపించడానికి నా దగ్గర ఉన్నది ఆ కాగితం ఒక్కటే. మూడని రాశాను. అచ్చయింది. కాలేజీలో అందరికీ లడ్లు పంచారు, నాకు మాత్రం తినబుద్ధి కాలేదు.

చాలా ఏళ్ళకు సముద్రతీరంలో పనిచేసే ఎవరో కుర్ర పరిశోధకుడు ఉత్తరం రాశాడు. ఆ జాతి మగవి తనకు బోలెడు దొరికాయట. నా వర్ణన అక్షరాలా సరిపోయిందట, ఐదో కాలు తప్ప. "అన్నింటికీ నాలుగే ఉన్నాయి. మీరు చూసినదానికి మూడే ఎందుకున్నాయో కాస్త చెప్పగలరా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

మైక్రోస్కోపు సరిగ్గా లేదని ఒక జవాబు రాసి చించేశాను. వెంట్రుక రాలిపోయి ఉంటుందని ఇంకొకటి రాసి అదీ చించేశాను. చివరికి కార్డు మీద రెండు ముక్కలు రాసి పోస్టులో వేశాను. "దానికీ నాలుగే ఉన్నాయి, నేను చూశాను. ఆ రోజు భయపడ్డాను."