యారాడ దాకా జోజయ్య కారులో

ఏలూరులో నేను రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కింది ఒక సెప్టెంబరు శనివారం ఉదయం. రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. "మరియమ్మ పండక్కి రా, నీతో పనుంది" అని మా పిన్ని తెరేజమ్మ ఫోన్ చేసింది. ఆమె విశాఖలో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడు నా వేసవి సెలవులన్నీ ఆమె ఇంట్లోనే గడిచాయి. పనేమిటో మాత్రం ఫోన్లో చెప్పలేదు.

విశాఖ వెళ్ళేవాళ్ళు ఎడమవైపు కిటికీ పట్టుకోవడం మంచిది. తుని దాటాక కొండలు కనిపిస్తూ వస్తాయి. తునిలో ఎక్కిన ఒకావిడ నా సంచిలో కొవ్వొత్తుల పొట్లం చూసింది.

"మరియమ్మ కొండకేటి బాబూ?"

అవునన్నాను.

"మేవూ ఎల్తాం. మా సిన్నదానికి జొరమొచ్చినప్పుడు మొక్కుకున్నాను" అంది. ఆవిడ నుదుట పెద్ద కుంకుమబొట్టు. రేవు పక్కన కొండమీదున్న ఆ గుడికి అన్ని మతాలవాళ్ళూ రావడం విశాఖలో మామూలే.

మధ్యాహ్నానికి స్టేషన్లో దిగి, ఇడ్లీ తిని, పాతపోస్టాఫీసు వెళ్ళే సిటీబస్సు ఎక్కాను. బస్సు రేవు దగ్గరికి వచ్చేసరికి ఉప్పుగాలి, ఎండుచేపల వాసన, గోడలమీద ఖనిజపు ఎర్రదుమ్ము అన్నీ ఒక్కసారే పలకరించాయి. ఎక్కడో ఓడ కూత వేసింది. పదేళ్ళవాణ్ణయిపోయినట్టనిపించింది.

పిన్ని ఇల్లు కొండ కింద సందులో రెండు గదుల పెంకుటిల్లు. ముందుగదిలో నేను పడుకునే నులకమంచం మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు మాత్రమే మిగిలినట్టున్నాడు.

"సింహాద్రి. యారాడలో చేపలు పట్టేవాళ్ళబ్బాయి" అంది పిన్ని, అతని దిండు సర్దుతూ. వంటగదిలోకి తీసుకెళ్ళాక మిగతాది చెప్పింది. బోటు పనికి రాష్ట్రాలు తిరిగి ఎయిడ్స్‌తో తిరిగొచ్చాడు. అన్న ఇంట్లోకి రానివ్వలేదు. ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదని పంపించేస్తే గేటు బయట కూర్చున్నాడు. డ్యూటీ దిగి వస్తూ పిన్ని చూసింది.

"ఇంటికి తెచ్చేశావా?"

"అక్కడ వదిలేసి పూజకెళ్ళి ఏమని ప్రార్థించాలిరా?" అంది మామూలుగా, చారులో కొత్తిమీర వేస్తూ.

అతన్ని యారాడ తీసుకెళ్ళి తల్లికి చూపించాలి. అదీ నాతో పని. ఆ సాయంత్రం ఆటోస్టాండుకు వెళ్ళి ఇద్దరు ముగ్గురిని అడిగాను. ఎవరికోసమో వాళ్ళకు ముందే తెలుసు. ఒకడు "టైరు బాలేదు బావా" అని మొహం తిప్పుకున్నాడు.

తిరిగొచ్చేసరికి గుమ్మంలో జోజయ్య నిలబడి ఉన్నాడు. ఇంటి యజమాని అతనే. కొండమీది గుడిలో పండగ రోజున మరియమాత స్వరూపం మోసేవాళ్ళలో ముందుండే మనిషి. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే అంబాసిడర్ ఒకటుంది.

"అక్కా, సందులో జనం నన్ను నిలబడనీడం లేదు. ఈయన్నైనా పంపించు, నువ్వైనా కాళీ సెయ్యి" అన్నాడు. కళ్ళు నేలమీదే ఉన్నాయి.

పిన్ని స్టీలు గ్లాసులో టీ తెచ్చి ఇచ్చింది. "ఖాళీ చేస్తాను తమ్ముడూ. ముందు ఈ అబ్బాయిని వాళ్ళమ్మ దగ్గరికి చేర్చాలి. నీ కారుంది కదా."

"నా పిల్లలు ఎక్కే కారది."

"తెలుసు."

అతను గ్లాసు వైపు చూశాడు. తాగకుండా గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. మంచం మీంచి సింహాద్రి మెల్లగా, "నా గురించి తగువెట్టుకోకు సిస్టరమ్మా. ఓపాలి మాయమ్మని సూసేత్తే సాలు నాకు" అన్నాడు. పిన్ని అతని నుదుటిమీద చెయ్యి వేసింది. రాత్రి జపమాల చెప్పుకునేటప్పుడు అతనికి తెలియని ప్రార్థనలేవీ వినిపించకుండా లోపలి గదిలోకెళ్ళి చెప్పుకుంది. ఎందుకని అడిగితే, "మన ప్రార్థన వద్దనిపించినా మంచంలో ఉన్నవాడికి లేచి వెళ్ళే వీలుండదు కదా" అంది.

ఆదివారం మొదటి పూజకు కొండెక్కాను. మీరు వెళితే ఆ వేళకే వెళ్ళండి. మెట్లమీద ఎండ ఉండదు, పైనుంచి రేవులో ఓడలన్నీ కనిపిస్తాయి. పిన్ని రోగి దగ్గరే ఉండిపోయింది. జోజయ్య ముందు వరసలో మోకరించి ఉన్నాడు. దివ్యసత్ప్రసాదం అందుకోవడానికి అందరూ లేచినా అతను లేవలేదు.

నేను దిగివచ్చేసరికి సందు మొదట్లో అంబాసిడర్ ఆగి ఉంది. జోజయ్య స్టీరింగు ముందు కూర్చుని ఉన్నాడు.

"ఎక్కించండి" అన్నాడు, అంతే.

నేనూ పిన్నీ సింహాద్రిని వెనకసీట్లో పడుకోబెట్టాం. తల పిన్ని ఒళ్ళో. సింధియా కూడలి దాటి యారాడ కొండ ఎక్కుతుంటే మలుపు మలుపుకీ సముద్రం కనిపించి మాయమయ్యేది. జోజయ్య అద్దాలన్నీ దించి నడిపాడు. సింహాద్రి ఒక మలుపులో తల ఎత్తబోయాడు. "గాలి మారింది. ఊరొచ్చేసినట్టే" అన్నాడు.

యారాడలో కారు వెళ్ళే దారి ఇళ్ళకు కొంచెం ఇవతలే ఆగిపోయింది. ఆ తర్వాత ఇసుక. వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. సింహాద్రి అన్న ఎదురొచ్చాడు.

"ఇక్కడికెందుకు తెచ్చినారు? ఊరు ఒప్పుకోదు."

అతని వెనకనుంచి ఒక ముసలమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. కొడుకు ఏదో దూరపు రేవులో పనిలో ఉన్నాడనే ఆమెకు చెప్పారట. కారు తలుపులోంచి తొంగిచూసి, అతని మొహం తడిమింది.

"ఏటి సిమ్మాద్రీ, ఇలాగైపోనావు" అంది. పెద్దకొడుకు వైపు తిరిగి, "నా కొడుకు నా పాకలో ఉంటాడు. మీకు బయవైతే మీరు రాకండి" అంది.

అన్న కదల్లేదు. అడ్డమూ చెప్పలేదు. నేను సింహాద్రి చంకల కింద చేతులు వేశాను కానీ ఇసుకలో రెండడుగులు వేసేసరికి జారిపోతున్నాడు. అప్పుడు జోజయ్య కారు దిగాడు. చొక్కా చేతులు పైకి మడిచి, నన్ను పక్కకు జరగమని, సింహాద్రిని రెండు చేతులమీదా ఎత్తుకున్నాడు. పాక దాకా మోసుకెళ్ళి చాపమీద పడుకోబెట్టాడు. అతని భుజంమీద సింహాద్రి చెమట తడి మరక కట్టింది.

పిన్ని ఆ పాకలోనే కూర్చుని, పుళ్ళు ఎలా తుడవాలో, గంజి ఎంతెంత పట్టాలో తల్లికి చూపించింది. దూరంగా నిలబడ్డ ఆడవాళ్ళలో ఇద్దరు దగ్గరకొచ్చి విన్నారు. ఒకామె బిందెతో నీళ్ళు తెచ్చి గుమ్మంలో పెట్టింది.

తిరుగుదారిలో సింధియా దగ్గర రైలుగేటు పడి కారు ఆగింది. జోజయ్య వెనక్కి తిరిగాడు.

"అక్కా, నిజం సెప్పు. ముట్టుకుంటే అంటుకుంటాదా?"

"అంటుకోదు తమ్ముడూ. అంటుకునేదైతే నాకెప్పుడో అంటుకునేది."

అతను పెద్దగా ఊపిరి వదిలి, నుదురు తుడుచుకున్నాడు. "అలాగే అనుకుంటన్నాను" అన్నాడు. ఆ సంగతి తెలియకుండానే అతను సింహాద్రిని ఎత్తుకున్నాడని నాకూ పిన్నికీ అప్పుడు అర్థమైంది. పిన్ని కిటికీవైపు తిరిగి కళ్ళు ఒత్తుకుంది. ఇల్లు ఖాళీ చేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

సాయంత్రం రైలుకు జోజయ్యే నన్ను స్టేషన్లో దింపాడు. ఆ తర్వాతి ఆదివారాల్లో పిన్నిని యారాడ తీసుకెళ్ళిందీ అతనేనని తర్వాత తెలిసింది. సింహాద్రి క్రిస్మస్‌కు ముందు తల్లి దగ్గరే పోయాడు. అన్న దగ్గరుండి అన్నీ జరిపించాడట. ఇప్పుడు పిన్ని లేదు, ఆ పెంకుటిల్లూ లేదు. విశాఖ వెళ్ళినప్పుడల్లా ఆ సందులోకి ఒకసారి వెళ్ళి వస్తుంటాను.

ఆ రోజు సాయంత్రం రైల్లో కిటికీ పక్కనే చోటు దొరికింది. చిన్నప్పుడు సెలవుల్లో పిన్ని నాచేత గుడిలో నేర్పే కనికరపు క్రియలు బట్టీ పట్టించేది. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, దాహంతో ఉన్నవారికి నీళ్ళివ్వడం, ఇల్లులేనివారికి చోటివ్వడం. తడుముకోకుండా అప్పచెబితే జీడిపప్పు పాకం ముక్క ఇచ్చేది. అనకాపల్లి దాటుతుండగా అవన్నీ వరసగా మనసులో చెప్పుకోబోయాను. రోగులను చూడ్డానికి వెళ్ళడం దగ్గరకొచ్చి ఆగిపోయాను. జోజయ్య భుజంమీది చెమట మరక కళ్ళముందు నిలిచింది. ముందుకు వెళ్ళాలనిపించలేదు.