బాబాయి ఇచ్చేసిన చక్రం

నా చిన్నప్పుడు, మేం బెంగాల్లో ఉండగా, ఒక చలికాలమంతా మా బాబాయి జీతానికి సైకిలు తొక్కాడు. ఖిదిర్‌పూర్ ఓడల డాక్‌లో పని మానుకుని, భవానీపూర్‌లోని ఒక సైకిలు దుకాణం వాళ్ల జట్టులో చేరాడు. ప్రతి ఆదివారం పందెం ఉండేది. బాబాయి ఒక్కటీ గెలవలేదు. సగం దారిదాకా అందరికంటే ముందుండేవాడు, చివరికి ఎక్కడో వెనక వచ్చేవాడు. ఎందుకో నాకు అంతుబట్టేది కాదు. పక్కింటి అక్క మాత్రం వదిలేది కాదు. "ఏటే, మీ బాబాయి ఈసారీ తోకేనా?" అనేది.

ఆఖరి పందెం బడ్జ్ బడ్జ్ దాకా వెళ్లి రావాలి. గెలిచినవాళ్లకు కొత్త సైకిలు ఇస్తారు. అది నాకేనని బళ్లో అందరికీ చెప్పేసుకున్నాను. పందెం వెనక వచ్చే సామాన్ల లారీలో నన్నూ ఎక్కించారు. తిరుగు దారిలో, ఒక జూట్ మిల్లు గోడ దగ్గర, ముందున్నది ఇద్దరే: బాబాయి, ఆయన జట్టులోనే ఉన్న, మేం దాదా అని పిలిచే బెంగాలీ అన్న. దాదా చక్రం పంక్చరైంది. విడి చక్రాలు మా లారీలో ఉన్నాయి గానీ మేమింకా అల్లంత దూరంలో ఉన్నాం. బాబాయి ముందుకు పోలేదు. దిగి, తన చక్రం ఊడదీసి దాదాకి ఇచ్చేశాడు. "పో బాబాయ్, పో!" అని నేను గొంతు చించుకుంటూనే ఉన్నాను.

దాదా గెలిచాడు. చాలాసేపటికి వచ్చిన బాబాయి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. నేను ఆయన వంక చూడకుండా వెళ్లి లారీలో కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే తన పాత సైకిలు వెనక క్యారియర్ మీద నన్ను ఎక్కించుకుని గంగ ఒడ్డుకు తీసుకెళ్లాడు. ఆయన వీపు చాటున వెచ్చగా ఉంది. కొంత దూరం పోయాక దింపి, ముందు కడ్డీ మీద కూర్చోబెట్టాడు. చలిగాలి మొహాన కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆడికి ఈ గాలి తగలకుండా సూడ్డానికే నాకు జీతం. తెలిసిందేటి?"

తెలిసిందన్నాను. అబద్ధం. గాలి తెలిసింది. నిజంగా గెలిచింది ఎవరో తెలియలేదు. జీతం కోసమే అయితే అంత గట్టిగా చప్పట్లెందుకు కొట్టాడో అసలే తెలియలేదు.

తర్వాత పత్రికలో చేరి ఏళ్ల తరబడి ఆటల పేజీ చూశాను. చోటు చాలక గెలిచినవాళ్ల పేరొక్కటే వేసేవాళ్లం. ఈ ఏడు విదేశాల్లో జరిగిన సైకిలు పందేలన్నీ మనవరాలితో కలిసి టీవీలో చూశాను. సీజను మొత్తంలో ఎవరెవరు గెలిచారంటే తడుముకుంటాను. గాలికి ఎదురు తొక్కి తొక్కి, చివరి కొండ దగ్గర పక్కకు తప్పుకునేవాడు కనిపిస్తే మాత్రం నా చేతులు వాటంతటవే లేస్తాయి.

"ఏటమ్మమ్మా, అతను ఓడిపోయాడు కదా?" అంటుంది మనవరాలు.

అవునంటాను. చప్పట్లు మాత్రం ఆపను.