కట్టకో ప్రశ్న

కేలండర్లు కట్టే ఆ గది మధ్యలో పొడుగాటి బల్ల ఉండేది. దాని అంచు పొడవునా పన్నెండు దొంతరలు, దొంతరకో నెల. ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కో దొంతర మీంచి ఒక్కో కాగితం తీసుకుంటూ పోతే, చుట్టు తిరిగేసరికి చేతిలో ఒక సంవత్సరం తయారయ్యేది. దాన్ని జిగురు పిన్ని ముందు పెట్టి మళ్లీ జనవరి దగ్గరికి నడిచేవారు. పిన్ని నెలలు సరిచూసి, పై అంచుకు జిగురు రాసి, అట్టపట్టీ అంటించి, వందేసి చొప్పున కట్ట కట్టేది.

"పొద్దున్నుంచి నా కళ్లముందు ఎన్ని సంవత్సరాలు దొర్లిపోయాయో! అయినా ఒక్క వెంట్రుక నెరవలేదు చూడండి" అని మురిసిపోయేది పిన్ని. ఆవిడ తలకు రంగేస్తుందని అందరికీ తెలుసు.

ఈ నడకంతటినీ నడిపించేది పెద్దక్క. పేరుకు మేస్త్రి, ముద్దుపేరు రేడియో. పొద్దున తాళం తీసినప్పుడు మొదలైన నోరు సాయంత్రం తాళం వేస్తే గాని మూతపడేది కాదు. అందులో ముప్పాతిక వంతు ప్రశ్నలే. "మీ ఆడపడుచు అలక తీరిందా?" "మీ ఆయన ఆ మీసం ఎందుకు తీయించాడే?" "మీ మేడమీద వాళ్లకు కొత్త మంచం ఎక్కడిది?" అడిగినదానికి జవాబు చెప్పేలోపు నాలుగు చుట్లు, దానికి పక్కవాళ్లు అడ్డు తగిలేలోపు మరో నాలుగు. కాళ్లు నొప్పి పుడుతున్న సంగతి కాళ్లకే గుర్తుండేది కాదు. కొందరు విసుక్కున్న మాట నిజమే. అయినా ఒక పూట ఆమె అడగకపోతే "నా మీద కోపమా అక్కా?" అని మూతి ముడుచుకునేది కూడా వాళ్లే.

లోకానికి ఏడాది చివరంటే తీరిక, వీళ్లకు మాత్రం అప్పుడే ఊపిరాడదు. కాగితం అంచులు వేళ్లు కోస్తాయి, పాదాలు వాస్తాయి, ఏ నెల మొహం చూసినా ఒళ్లు మండుతుంది. ఆ ఏడు పని ఎప్పటికంటే ఎక్కువగా వచ్చింది. సరిగ్గా అప్పుడే పెద్దక్క గొంతు పోయింది. కాగితం దుమ్ము గొంతులో పుండు చేసిందని, తాను చెప్పేదాకా నోరు విప్పితే గొంతు శాశ్వతంగా పోతుందని డాక్టరు బెదిరించాడు.

గది మూగబోయింది. నడక నీరుగారిపోయింది. ఇంటి యజమాని అద్దె పెంచాడని ఒకామె, నడుము పట్టేసిందని ఇంకొకామె, ఎవరికి వారు మనసులోనే నలుగుతూ నడిచారు. కేలండర్ల యజమాని కుర్రాడు, పాపం మంచివాడు, ఒక డబ్బా తెచ్చి పాటలు పెట్టించాడు. హుషారు పాటకు కాళ్లు పరుగెత్తి చేతులు వెనకబడ్డాయి. విషాదం పాటకు అందరూ ఆగి ముక్కు చీదారు.

"ఇది చూడండి, రెండు ఆగస్టులు! సెప్టెంబరు లేనే లేదు!" జిగురు పిన్ని ఒక కేలండరు బల్ల మీద విసిరింది. "ఇది కొనుక్కున్న ఇంట్లో సెప్టెంబరులో పుట్టినవాడుంటే వాడికి ఆ ఏడు వయసు పెరగదు."

మామూలుగా అయితే ఆ మాటకు నవ్వులు పూసేవి, ఇప్పుడు ఒక్కరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం యజమాని పెద్దక్కను పక్కకు పిలిచాడు. నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ ఆమెకు తెలిసినవాడు. "అక్కా, నిన్ను అనడం లేదు. ఏడాది మారితే ఇవి పొట్లాలు కట్టుకోడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఇలా నడిస్తే సగం మిగిలిపోతాయి. ఆ సగం మిషన్ ఉన్నవాళ్లకు ఇవ్వక తప్పదు. ఒకసారి అటు పోయిన పని వచ్చే ఏడు ఇటు రాదు. అప్పుడిక ఈ బల్ల కూడా ఉండదు."

పెద్దక్క ఏదో చెప్పబోయింది. గాలి పోయిన సైకిలు చక్రంలా బుస్సుమంది గొంతు.

మర్నాడు ఆమె తానే వరసలోకి దిగి నడిచింది. ముందు నడుస్తున్న కొత్త పెళ్లికూతురు ఇక ఉండబట్టలేక వెనక్కి తిరిగి అచ్చం పెద్దక్క గొంతుతో అందుకుంది. "ఏమే, ఎప్పుడూ మమ్మల్ని పీకి పాకం పెట్టడమేనా? నీ సంగతేంటి? అసలు నువ్వు పెళ్లెందుకు చేసుకోలేదే?"

వరస ఠక్కున ఆగింది.

"నోరు మూసుకో! మాట రాని మనిషిని అడిగే ప్రశ్నేనా అది?" అని జిగురు పిన్ని కసిరింది. అంతలోనే, "అయినా... అవును, కాదు అని తల ఊపొచ్చుగా" అని నసిగింది.

పెద్దక్క అందరి మొహాలూ చూసింది. చాలా రోజుల తర్వాత ఆ కళ్లలో వెలుగు కనపడింది. వెంటనే తల ఊపలేదు. పిన్ని కట్టిన కట్ట మీద చేయి వేసి, ఒక వేలు చూపించి, ఆ వేలితో తన గుండె మీద కొట్టుకుంది.

"కట్ట పూర్తయితే ఒక ప్రశ్నట!" పెళ్లికూతురు కేక పెట్టింది.

ఇక చూడాలి ఆ గది! ఏ ప్రశ్న అడగాలో తేల్చుకునేందుకే సగం కట్ట సరిపోయేది. "అదడిగి వృథా చేస్తావేంటి, అదెవరైనా ఊహిస్తారు" అని తిట్టుకునేవారు. నెల తప్పితే ప్రశ్న రద్దని పిన్ని చట్టం చేసింది. దాంతో "జూన్ తీశావా? నీ మూలంగా ప్రశ్న పోయిందంటే చంపుతా" అని ఒకరినొకరు కాపలా కాసుకున్నారు.

సంబంధాలు రాలేదా? కాదు. వచ్చినవాడు వద్దన్నాడా? కాదు. నువ్వే వద్దన్నావా? అవును. తాగుతాడా? కాదు. కోపిష్టా? కాదు. మూడు రోజులు బుర్రలు బద్దలు కొట్టుకున్నాక పిన్ని అడిగింది: "ఒసేయ్, వాడు నీకంటే వాగుడుకాయా?"

పెద్దక్క తల గట్టిగా ఊపింది. గది గదంతా బల్ల పట్టుకుని నవ్వింది. ఆయన ఊళ్లోనే ఉన్నాడా? అవును. మాకు తెలుసా? అవును! ఆ "అవును"తో కట్టలు గోడ ఎత్తుకు లేచాయి.

ఒక ఉదయం ఇంట్లో పాలు పొంగుతుంటే "అయ్యో, పాలు!" అని అరిచింది పెద్దక్క. "వదినా, గొంతొచ్చింది!" అని మరదలు ఎగిరి గంతేసింది. డాక్టరూ సరేనన్నాడు. తమ్ముడితో, మరదలితో, కుళాయి దగ్గర పక్కింటావిడతో కరువుతీరా మాట్లాడి పనికి బయలుదేరింది. సగం దారిలో అడుగు తడబడింది. ఇప్పుడు నోరు విప్పితే ఆట ముగుస్తుంది. ఆట ముగిస్తే మిగిలిన కట్టల కోసం ఎవరు నడుస్తారు?

గుమ్మం దగ్గర పెదాలు బిగించింది. అవి ఆమె బతుకులో కష్టమైన రోజులు. పెళ్లికూతురు ఒక పొద్దున కళ్లు వాచి వచ్చింది. ఎందుకో అడగాలని నాలుక దురద పెడుతుంటే ఆమె వీపు నిమిరి ఊరుకుంది.

చివరి రోజున అట్టలు దింపడానికి కాగితం బండాయన వచ్చాడు. ఎప్పట్లాగే రోడ్డు గుంతల నుంచి అందుకుని తన మోకాలి నొప్పి దాకా ఏకరువు పెట్టాడు. ఆడవాళ్లు ఆయన్ని చూశారు. పెద్దక్కను చూశారు. ఆమె కిటికీలోంచి ఏదో చూస్తోంది. అడుగుదామంటే కట్ట పూర్తి కాలేదు! ఇక పరుగే. పిన్ని చేతిలో జిగురు కుంచె గాల్లో తేలింది.

కట్టకు ముడి పడగానే "ఈయనేనా?" అని అందరూ ఒక్క గొంతుతో అడిగారు.

పెద్దక్క తల అవునని ఊగింది. లేచిన నవ్వులకు పైకప్పు ఎగిరిపోయిందేమో అనిపించింది.

"ఏంటమ్మా, నా మొహానికేమైనా అంటిందా?" అని బండాయన చెంపలు తుడుచుకుని, మళ్లీ మోకాలి దగ్గర అందుకున్నాడు.

పొద్దుగుంకేలోగా కట్టలన్నీ వ్యానెక్కాయి. మిషన్ వాళ్లకు ఒక్కటీ పోలేదు. యజమాని వ్యాను తలుపు గొళ్లెం వేయిస్తుంటే, "ఆగు బాబూ! ఆ మూల కట్ట జారుతోంది!" అని పెద్దక్క గొంతు ఖంగుమంది.

యజమాని ఉలిక్కిపడ్డాడు. ఆడవాళ్లలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు.

"మాకెప్పుడో తెలుసులే," అంది జిగురు పిన్ని. "కుళాయి దగ్గర మీ పక్కింటావిడతో గంటసేపు వాగావటగా."

"తెలిసీ ఊరుకున్నారటే, దొంగముండల్లారా!"

"చెబితే మళ్లీ మమ్మల్నే అడగడం మొదలుపెడతావు. ఆ బండాయన సంగతి ఎప్పటికి తేలేది?"

వ్యాను కదిలింది. అది మలుపు తిరిగేదాకా ఆగి, పెద్దక్క పిన్ని చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"అది సరే గానీ, మా పక్కింటావిడ నీకెలా తెలుసే?"