మగ్గాలు ఆపింది ఆమె కాదు

నా భార్య పోయి ఇరవై మూడు రోజులైంది. ఆ రోజు జరిగింది ముందు చెబుతాను.

మంగళవారం. తిరుపతిలో ఆసుపత్రి రెండో అంతస్తు. ఆరు గంటలకు లేచి కిటికీ తెర పక్కకు జరపమంది. ఒక ఇడ్లీ తిని, రెండోది నాకిచ్చింది. జడ వేయమంది. నాకు రాదు. జుట్టంతా కలిపి రిబ్బను కట్టి వదిలేశాను. పదకొండుకు డాక్టరు వచ్చి, గుండె బలహీనంగానే ఉంది, అయినా నిన్నటికంటే మేలు అన్నాడు. మధ్యాహ్నం నగరి నుంచి మామ వచ్చాడు. మామ అంటే మా అమ్మ తమ్ముడు, నా భార్యకు తండ్రి. మంచం కొసన కూర్చుని ఆమె పాదం మీద చెయ్యి వేసుకున్నాడు. మూడు దాటాక నేను కాఫీ కోసం కిందికి దిగాను. మూడు గ్లాసులు పట్టుకుని పైకి వచ్చేసరికి నర్సులు మంచం చుట్టూ ఉన్నారు. మామ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంతే.

ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని ఈ పత్రిక వాళ్లు అడిగారు. మంచి మాటలకు కొదవ లేదు. వాటి మధ్య ఒక అబద్ధం ఉంది. అది నాది. ఇది చదివేవాళ్లలో మా బంధువులు, ఆఫీసు స్నేహితులు చాలామంది ఆ అబద్ధం నా నోట విని నవ్వినవాళ్లే.

ఆమెకు ఇష్టమైనవన్నీ చిన్నవి. మధ్యాహ్నం గిన్నెలు కడిగేసి, ఫ్యాను కింద చాప పరుచుకుని, కాళ్లు చాపుకుని అరగంట వీడియో గేమ్ ఆడేది. ఈ మాట చదివి కొందరు ఆశ్చర్యపోతారు. ఆమె పూజలు, వడియాలు, చుట్టాల ఇళ్లలో చేసిన సాయాలు అందరికీ తెలుసు. ఇది తెలియదు. తెలియకుండా చూసింది నేనే. ఎనిమిదేళ్ల కిందట తిరుపతి బజారులో, పేవ్‌మెంటు మీద పాత రకం ఆటల పెట్టె ఒకటి కనబడితే ఆగి, చేతిలోకి తీసుకుని, ఇంక కింద పెట్టలేదు. మాకు పిల్లలు లేరు. పిల్లలు లేని ఇంట్లో ఈ ఆటవస్తువు ఎవరికని చూసినవాళ్లు అడుగుతారేమోనని నాకు సిగ్గు. పక్కింటివాళ్లు వింటారు, సౌండు తగ్గించమన్నాను. తగ్గించింది. వారం తరువాత పూర్తిగా తీసేసింది. అప్పటినుంచి ఆ ఆటను శబ్దం లేకుండానే ఆడింది.

ట్యాంకుల ఆట అది. తెర అడుగున ఇటుకల కోట ఒకటి. ఇద్దరు కలిసి ఆడవచ్చు. ఒకరు ముందుకు పోయి ఎదుటి ట్యాంకులను కొట్టాలి, ఒకరు కోట దగ్గర కాపలా ఉండాలి. కాపలా ఎప్పుడూ తనదే. "నువ్వు ముందుకు పో బావా, కోట నేను సూసుకుంటా" అనేది. ఆదివారాలు బతిమాలితే ఒక ఆట కూర్చునేవాడిని. తొందరలో మా కోటను నేనే పేల్చేసిన రోజులున్నాయి. "కాల్చేముందు ఎదురుగా ఏముండాదో సూడాల" అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. ఎవరి వల్ల ఓడితే వాళ్లు కాఫీ పెట్టాలని ఆమె నియమం. ఓడిన ప్రతిసారీ నాకు ఆఫీసు కాగితాలు గుర్తొచ్చేవి. కాఫీ ఆమే పెట్టుకొచ్చేది.

ఆ ఆట మాకు చిన్ననాటిది. మామది నగరిలో మరమగ్గాల ఇల్లు. ముందు ఇల్లు, వెనక షెడ్డు, మధ్యన ఒకే గోడ. నాలుగు మగ్గాలు. అవి నడుస్తున్నంతసేపూ పక్క మనిషి చెవిలో అరిస్తేగాని మాట వినబడదు. వేసవి సెలవులకు నేను చిత్తూరు నుంచి వెళ్లేవాడిని. అప్పుడు నాకు పన్నెండు, ఆమెకు పది. మద్రాసుకు చీరలు వేసుకుపోయిన మామ ఆ ఏడు తిరిగివస్తూ, క్యాసెట్లు పెట్టి టీవీలో ఆడుకునే పెట్టె తెచ్చాడు. వీధిలో మరెవరికీ లేదు.

మగ్గాలు నాలుగూ తిరిగితే ఇంట్లో వోల్టేజి పడిపోయేది. టీవీలో బొమ్మ కుంచించుకుపోయేది, ఆట ఉన్నట్టుండి మొదటికి వచ్చేది. అందుకని భోజనాలకు మగ్గాలు ఆపినప్పుడే మా ఆట. ఆ రోజు ఇద్దరం అంతకుముందు ఎన్నడూ చేరనంత దూరం చేరాం. భోజనాలు అయిపోయాయి. మగ్గాలు మొదలయ్యాయి. బొమ్మ వణికింది.

నేను లేచాను. షెడ్డు మెయిన్ స్విచ్చి నడవలో, గోడకు ఎత్తుగా ఉండేది. మునివేళ్ల మీద నిలబడి కిందికి లాగాను. షెడ్డులో అందరూ కరెంటు పోయిందనుకుంటారు, ఐదు నిమిషాల్లో మళ్లీ వేసేద్దాం అనుకున్నాను. పరుగున వచ్చి కూర్చున్నాను.

ఒకటి మరిచాను. మగ్గాల హోరులో వినబడదని టీవీ సౌండు మేము ఎప్పుడూ నిండా పెట్టుకునేవాళ్లం. హోరు ఆగేసరికి ట్యాంకుల మోత ఇంటి నుంచి షెడ్డు చివరిదాకా వినబడింది. కరెంటు పోతే టీవీ ఎలా మోగుతుంది? ఈలోగా, అర్ధంతరంగా ఆగిన ఒక మగ్గంలో, అడ్డపోగును అటూ ఇటూ మోసే నాడె పడుగు దారాల మధ్య ఇరుక్కుంది. అది తెలియక మామ చేత్తో మగ్గం తిప్పబోయాడు. వందల పోగులు తెగాయి. అది పెళ్లివాళ్లు చెప్పి నేయించుకుంటున్న చీర.

మామ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఎవురు ఆపింది?"

నేను తెర వైపే చూస్తూ ఉండిపోయాను. ఆమె నా వైపు చూడలేదు.

"నేనే నాయనా. ముక్కాలిపీట ఏసుకోని ఎక్కినా."

పీట సంగతి కూడా తనే కల్పించింది. అది లేకుండా ఆ స్విచ్చి ఆమెకు అందదు.

మామ ఆమె వీపు మీద ఒక దెబ్బ వేశాడు. ఒకటే. ఆమె ఏడవలేదు. ఆటల పెట్టె అటకెక్కింది. మిగిలిన సెలవులన్నీ ఆమె షెడ్డులో కండెలకు నూలు చుట్టింది. మామా అత్తా రెండు రోజులు కూర్చుని ఒక్కొక్క పోగే అతికారు. నేను వాళ్లకు మంచినీళ్లు అందించాను. బుద్ధిమంతుడని అత్త నన్ను మెచ్చుకుంది.

ఎందుకట్లా చెప్పావని ఆమెను పెరట్లో అడిగాను. "నిన్ను కొడితే మీయమ్మకు కోపమొస్తాది. ఇంగ సెలవులకు నిన్ను పంపీదు. నన్ను కొడితే నేను యాడికి పోతా?" అంది.

పెద్దయ్యాక మా ఇద్దరికే పెళ్లి చేశారు. ఆ తరువాత ఆ సంగతి నా చేతిలో నవ్వుల కథ అయింది. గృహప్రవేశాల్లో, ఆఫీసు విందుల్లో "ఆట కోసం నాలుగు మగ్గాలు ఆపిన ఘనురాలు మా ఆవిడ" అని మొదలుపెట్టేవాడిని. ముక్కాలిపీట ఎక్కడం, మామ గుమ్మంలోకి రావడం అన్నీ చేసి చూపేవాడిని. మొదటిసారి అలా ఎందుకు చెప్పానో నాకే తెలియదు. నిజం చెప్పడానికి సిగ్గుపడి ఉంటాను. తరువాత అందరూ నవ్వారు కాబట్టి చెప్పాను. ఆమె కూడా నవ్వి, ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లేది. ఒక్కసారి మాత్రం, పుత్తూరులో పెళ్లి చూసుకుని బస్సులో తిరిగి వస్తుంటే అంది.

"బాగా సెప్తావు బావా. రాన్రానూ నేనే ఎక్కి ఆపినట్టు నాకే అనిపిస్తా ఉండాది."

నేను నిద్ర వచ్చినట్టు కళ్లు మూసుకున్నాను.

జబ్బు ముదిరాక ఆమె వేళ్లు వాచి బటన్లు నొక్కలేకపోయింది. నన్ను ఆడమని, తాను దిండుకు ఆనుకుని చూసేది. అప్పుడు నేను సౌండు పెట్టాను. "పక్కింటోళ్లు ఇంటారు" అని నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఎంతో, ఆనందం ఎంతో నేను విడదీయలేను. కోట పోయిన ప్రతిసారీ కాఫీ నేనే పెట్టాను. ఆమె రెండు గుక్కలు తాగి, చక్కెర ఎక్కువైందని చెప్పి, మిగతాదీ తాగేది. అప్పుడైనా క్షమించమని ఒక మాట అడగవలసింది. అడగలేదు.

పదమూడో నాడు కర్మ జరిగింది. భోజనాలయ్యాక అందరూ షామియానా కింద కూర్చున్నారు. మామ తన కుడి అరచెయ్యి తిప్పి చూసుకుంటూ అన్నాడు. "దాని జన్మకు ఒక్కసారే కొట్టినానప్పా. పోగులు తెగినాయని. పదేండ్ల బిడ్డ."

ఆయన నా వైపు తిరిగాడు.

"నువ్వు నవ్విస్తా సెప్తావు గదా అల్లుడా. సెప్పు, ఇంగోసారి ఇంటాను."

ముప్పై ఏళ్లకు పైగా రాని అవకాశం అది. అడిగింది ఆ దెబ్బ వేసిన మనిషే. నేను నోరు తెరిచి పాత కథే చెప్పాను, ముక్కాలిపీటతో సహా. కొందరు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఆ చేతిని పంచె మడతలోకి దాచుకున్నాడు.

ఆ తరువాత ఈ పది రోజులూ నాకు నేను నచ్చజెప్పుకుంటూ వచ్చాను. ఆయనకు డెబ్బై ఎనిమిది. చేయని తప్పుకు కూతుర్ని కొట్టానని తెలిస్తే ఇంకా కుంగిపోతాడు, చెప్పకపోవడమే దయ అనుకున్నాను. అది దయ కాదు, మళ్లీ ఆమె వెనక దాక్కోవడం. ఆట పిచ్చిలో నేత పాడుచేసిన పిల్లగా ఆమె తండ్రికి గుర్తుంది. ఆమె అలాంటి పిల్ల కాదు. అది ఆయనకు తెలియాలి. తెలిశాక ఆయన నన్ను ఏమన్నా పడతాను. గడప తొక్కవద్దన్నా సరే.

ఆయన ఇది అచ్చులో చదివి తెలుసుకోకూడదు. రేపు పొద్దున ఐదింటి బస్సుకు నగరి వెళతాను. ఆరున్నరకు మామ షెడ్డు తాళం తీసి, లోపల దీపం పెట్టి, గుమ్మంలో కూర్చుంటాడు. పనివాళ్లు ఏడింటికి వస్తారు. మగ్గాలు మొదలైతే ఏ మాటైనా ఆయన చెవిలో అరిచి చెప్పాలి. ఇది అరిచి చెప్పే మాట కాదు. వాళ్లు రాకముందే ఆయన పక్కన కూర్చుని చెబుతాను.