సియ్యలు ముట్టని కోడలు

శాకాహారం ఒంటికి మంచిదనీ, జీవహింస తప్పనీ ఎవరైనా వేదికెక్కి ఉపన్యాసం మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మంచిదే, కాదన్నదెవరు? కానీ మైకు ముందు గొంతు సవరించుకుని చెప్పే మాటా అది? మా అమ్మ ఒక్కనాడూ ఎవరికీ చెప్పలేదు. ఊరికే తినడం మానేసింది, అంతే. దానికే మా పల్లె అంతా అల్లకల్లోలమైంది.

ఆ రోజులు తలుచుకుంటే నాకిప్పటికీ ఎండాకాలం మధ్యాహ్నం సగం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది. కొట్టం బయట వేపచెట్టు నీడ, దూరంగా నల్లమల నీలంగా కరిగిపోతూ, మేకల మెడగంటలు ఎక్కడో నీళ్ళ అడుగున మోగినట్టు. ఏది ముందో ఏది వెనకో సరిగా అతకదు. అమ్మ ముఖం మాత్రం స్పష్టంగా కనబడుతుంది.

మాది కుందూ ఒడ్డున చిన్న పల్లె. తెల్లవాళ్ళ రాజ్యం ఇంకా నడుస్తున్న కాలం. మా పెద్దలు ఎప్పుడో క్రైస్తవంలో కలిశారు. నాయన కూలికి పోయేవాడు, మాకున్న కాస్త నేల చెక్కలో కొర్రలు వేసేవాడు. నాయన తల్లి, మా జేజి, ఇంటికి పెద్ద. ఆమె నోటికి నాయనే కాదు, ఊళ్ళో ఆబోతు కూడా జడిసేది.

ఒక కరువు ఏట అమ్మకు కడుపులో జబ్బు పట్టుకుంది. తిన్నది నిలవదు. మనిషి చీపురుపుల్ల అయిపోయింది. నంద్యాల నుంచి ఒక ముసలి హకీము సాయిబు వస్తే నాయన కాళ్ళావేళ్ళా పడి పిలుచుకొచ్చాడు. సాయిబు నాడి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"నీ పేగులు శానా అలిసిపోయినాయమ్మా. కొన్ని దినాలు వాటికి ఆరాం ఇయ్యి. సియ్యలు ముట్టొద్దు. కొర్రగంజి, మజ్జిగ, మెత్తగా ఉడికిన ఆకు. అంతే."

సియ్యలంటే మావైపు మాంసం. జేజి ఆ మాట అక్షరం తప్పకుండా పట్టుకుంది. గంజి కాచింది, పొన్నగంటాకు ఏరింది, అమ్మను పసిబిడ్డను కడిగినట్టు కడిగింది. వానలు పడేనాటికి అమ్మ గోడ పట్టుకోకుండా లేచి నడిచింది. తరవాత జొన్నరొట్టె, పప్పు తిని అరిగించుకుంది. ఒంట్లో రక్తం పట్టింది, ఊడిన జుట్టు మళ్ళీ మొలిచింది. నడుం మీద కడవ పెట్టుకుని ఏటి నుంచి వస్తుంటే ఈమేనా ఆమె అన్నట్టుండేది.

జబ్బుగా ఉన్నన్నాళ్ళూ అమ్మ కొట్టంలో మా మేకల మధ్యే పడుకుని ఉండేది. ఇంకెక్కడికి పోగలదు పాపం! అప్పుడే పుట్టిన పిల్లలు ఆమె పొట్టకానుకుని నిద్రపోయేవి. నేనూ వాటిలో ఒకదాన్నై పడుకునేదాన్ని. ఎవరి ఊపిరి ఎవరిదో తెలిసేది కాదు. అంత హాయి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఒళ్ళు బాగయ్యాక నాయన యాటకూర తెచ్చి, "ఇంగ తినే, బలం వస్తాది" అన్నాడు. అమ్మ ముద్ద కలిపింది, నోటిదాకా తెచ్చింది, మళ్ళీ పళ్ళెంలో పెట్టేసింది.

"నాకు లోపలికి పోదయ్యా. మేకపిల్ల ఊపిరి అరచేతిలోనే ఉన్నట్టుండాది."

నాయన పగలబడి నవ్వాడు. "ఓహో, సెట్టిగారింట్లో పుట్టాల్సినదానివి, దోవ తప్పి మా ఇంటికొస్తివే!" అని ఏడిపించాడు. ఆయనకదో వేళాకోళం. జేజికి మాత్రం నవ్వు రాలేదు.

జేజి కోపం నాకు అప్పుడు అర్థం కాలేదు. పెద్దిళ్ళవాళ్ళు మమ్మల్ని వాకిలి కూడా తొక్కనివ్వని రోజులు ఆమె చూసింది. మా ఏసు గుళ్ళో అందరూ ఒకే వరసలో కూర్చుని ఒకే కుండలో కూడు తిన్న మొదటినాడు వాళ్ళమ్మ ఏడ్చిందట. అట్లాంటిది, సొంత కోడలు "నేను ఇది తినను" అంటే ఆమెకు ఎట్లా వినబడి ఉంటుంది? అమ్మ ఇంటిల్లిపాదికీ కూర వండిపెట్టేది, ఎవరినీ ఒక్క మాట అనేది కాదు. అయినా జేజి, "మాతో కూడు కలవనంటాండాది" అని సణిగేది.

ఇంతలో శివరాత్రి వచ్చింది. మహానందికి నడిచిపోయే జనం మా కొట్టం ముందు నుంచే పోతారు. అమ్మ వాళ్ళకు మజ్జిగ పోసి, నీడలో కూర్చోబెట్టి మాట్లాడింది. జేజి చూసింది. ఆ కోపంలో తిన్నగా పాస్టరయ్య దగ్గరికి పోయి, "నా కోడలు మహానందికి మొక్కుకున్యాది, అందుకే సియ్యలు ముట్టదు" అని చెప్పేసింది.

పాస్టరయ్య చెడ్డవాడేమీ కాదు, భయస్తుడు. సంఘం పెద్దలు ఆయన్ను నిలవనీయలేదు. కోతల పండుగ విందులో అమ్మ అందరితో పాటు ఒక్క సియ్య ముక్క తినాలి. తినకపోతే నెలకోసారి గుళ్ళో రొట్టెముక్క పంచే ప్రభు భోజనం ఆమెకు ఇవ్వరు. అదీ తీర్పు.

అమ్మ ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రొట్టెముక్క కోసం ఆమె నెలంతా ఎదురుచూసేది. జబ్బులో కూడా నాయన భుజాన పడి పోయి తీసుకుని వచ్చింది. చదువు లేదు, నగ లేదు, పుట్టింటి దిక్కు లేదు. ఈ లోకంలో నాది అనుకున్నది ఆమెకు ఆ గుళ్ళో మోకరించే చోటొక్కటే.

విందు రోజు విస్తర్లు వేశారు. అందరి కళ్ళూ అమ్మ మీదే. ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కళ్ళవెంట బొటబొటా నీళ్ళు. ఎంతకీ మింగుడు పడక లేచి గోడవతలికి పరిగెత్తి ఉమ్మేసింది. నాకు ఆ పెద్దలందరి గడ్డాలూ పీకాలనిపించింది.

సాయంత్రం జేజి అమ్మ ఎదురుగా కూర్చుంది.

"ఏమ్మే, నిజం చెప్పు. మొక్కుకున్యావా?"

"లేదత్తా. మన ప్రార్థన తప్ప నాకింకేం తెలుసు?"

"మరి ఈ పంతం యాడిది?"

అమ్మ మేకల వైపు చూసింది. "మేకలు నన్ను చూసి బెదరవత్తా. దగ్గరికి పోతే పక్కకు జరగవు. అది పోగొట్టుకోబుద్ధి కాలేదు."

జేజి కొంగు దులుపుకుని లేచి పోయింది.

ఆదివారం వచ్చింది. అమ్మ ఉతికిన కోక కట్టుకుని, ఇవ్వరని తెలిసీ వరసలో మోకరించింది. పక్కన జేజి. వెనక నేను. కిటికీలోంచి ఎండ పొడవుగా పడి ఉంది, అందులో దుమ్ము బంగారంగా తేలుతోంది. పాస్టరయ్య ఒక్కొక్కరికీ రొట్టె ఇస్తూ వచ్చాడు. అమ్మ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. తల దించుకుని ఆమెను దాటి జేజి ముందు నిలబడ్డాడు.

జేజి చెయ్యి చాచలేదు.

"తీసుకోమ్మా" అన్నాడు పాస్టరయ్య మెల్లగా.

"నా కోడల్ని దాటి వస్తివే అయ్యా."

ఒక పెద్దమనిషి దగ్గాడు. జేజి వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మొక్కుకున్యాదని చెప్పింది నేనే. అది అబద్ధం. కోపంలో నోరు జారినా. మొక్కూ లేదు, మన్నూ లేదు. అది మేకను తినదు, అంతే. నేను తింటా, సచ్చేదాకా తింటా. అయినా ఇద్దరమూ ఒకే వరసలో కూచున్యాం. ముందు దానికి పెట్టు. పెట్టకుంటే నాకూ వద్దు."

పాస్టరయ్య చేతిలో పళ్ళెం కాసేపు అట్లాగే గాలిలో నిలిచింది. తరవాత ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. అమ్మ రెండు చేతులూ చాచింది. వాటి కింద జేజి తన చెయ్యి పెట్టి పట్టుకుంది.

అమ్మ ఆ రొట్టె తినేదాకా జేజి ఆమెనే చూస్తూ ఉంది. అప్పుడు పాస్టరయ్య వైపు తిరిగింది.

"ఇప్పుడు నాకు పెట్టు" అంది.