కోసి పారేసిన రబ్బర్లు

బోధన్‌లో మా వాకిట్లో ఒక పాత మోటారు కారు ఉండేది. మా ఆయన దాన్ని కిరాయికి నడిపేవాడు. చక్కెర ఫ్యాక్టరీ పని మీద వచ్చిపోయేవాళ్లు, పెండ్లిళ్లవాళ్లు, నిజామాబాద్ దవాఖానకు పోయే రోగులు, అందరూ దాంట్లో కూర్చున్నవాళ్లే. మా ఇంట్లో పొయ్యి వెలగడం ఆ కారు మీదే ఆధారం.

ఆ యేడు దసరా ముందర దాని ముందు చక్రాలకు బ్రేకు పట్టడం మానేసింది. లోపలి సిలిండర్లలో రబ్బర్లు ఉబ్బిపోయాయని మెకానిక్ చెప్పాడు. మా గల్లీ చివర రేకుల షెడ్డులో పని చేసే ముసల్మాను ఆయన. మా ఆయనా, ఈయనా చిన్నప్పుడు గోలీలాట కాడ కొట్టుకుని స్నేహితులైనవాళ్లు. మేమంతా ఆయన్ని భాయ్ అనేవాళ్లం. నన్ను వదినా అనేవాడు.

బ్రేకుల సంగతి మామూలుగా ఐతే మగవాళ్లకు వదిలేసేదాన్నే. కానీ పండుగ అయిన ఆదివారం మేము సిరికొండ పోయి మా చెల్లెల్ని తెచ్చుకోవాలి. తొలి కాన్పు. తొమ్మిదో నెల పడింది, కాళ్లు వాచాయి. మంత్రసాని చూసి, దవాఖానకు దగ్గర పెట్టుకోండి అని కబురు చేయించింది. ఆ ఊరి నుంచి వచ్చే తోవ అడవిలో గుట్టల మీద ఎక్కీ దిగీ వస్తుంది. దిగేచోట బ్రేకు లేకపోతే ఏమవుతుందో నాకు చదువు లేకున్నా తెలుసు.

భాయ్ కారును వాకిట్లోనే, బావికీ గోడకీ నడుమ విప్పాడు. బావివైపు చక్రం లోపలి సామాను ఒక సత్తు పళ్లెంలో, గోడవైపు చక్రం సామాను ఇంకో పళ్లెంలో వేసి, ఏ పళ్లెం ఆ చక్రం పక్కనే పెట్టాడు. ఆయన పని పద్ధతే అంత. రాత కోతలు లేవు. ఏది ఎక్కడిదో పళ్లెమే చెప్పాలి.

"వదినా, కొత్త రబ్బర్లకు నిజామాబాద్ పోతున్న. ఇవి ఎవరు కదపొద్దు. ఆ దిక్కువి ఆ దిక్కే ఉండాలె" అని చెప్పి పోయాడు. మా అత్తమ్మ అప్పుడు పసుపు చేనుకాడ ఉంది. ఆ మాట వినలేదు.

దసరానాడు పొద్దున అత్తమ్మ వాకిట్లోకి వచ్చి, విప్పి పడేసిన కారును చూసి నొచ్చుకుంది. "మనకు అన్నం పెట్టే ఇనుము. పండుగపూట గిట్ల మట్టిల పడుండాల్నా" అంది. తలుపుకు దగ్గరగా ఉందని గోడవైపు పళ్లేన్ని ముందు లోపలికి తెచ్చింది. ప్రతి ముక్కకూ పసుపు పూసి, మీద కుంకుమ బొట్టు పెట్టింది. రెండో పళ్లెం దగ్గరికి వచ్చేసరికి బరిణెలో కుంకుమ అయిపోయింది. బోర్లించి తట్టినా రాలలేదు. పసుపు మాత్రం మాకేం తక్కువ. ఆ పళ్లేనికి ఉత్త పసుపే అయింది. నేను గారెలు తీస్తూ ఇదంతా చూశాను. పళ్లేలు తిరిగి వాకిట్లో ఎక్కడ పెట్టిందో మాత్రం చూడలేదు, పొయ్యి దగ్గరే ఉన్నాను.

మర్నాడు భాయ్ వచ్చి కొత్త రబ్బర్లు వేసి బిగించాడు. బొట్లను చెరపలేదు. "అవ్వ పెట్టింది, ఉండనీ" అన్నాడు. ఇక గాలి తీయాలి. బ్రేకు గొట్టాల్లో ఆయిల్ తప్ప గాలి ఉండకూడదట. నేను లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. ఆయన చక్రం కింద పడుకుని, గాలి తీసే స్క్రూ విప్పి, మళ్లీ బిగించాలి.

"తొక్కు వదినా. పట్టు. ఇగ ఇడువు."

చెప్పినట్టే చేశాను. కింద సీసాలోకి ఆయిల్ ఒక్క బుడగ కూడా లేకుండా వచ్చిందన్నాడు. మా ఆయన కూర్చుని తొక్కి చూశాడు. పెడల్ నానిన అటుకుల మీద కాలు వేసినట్టు మెత్తగా కిందికి దిగిపోయింది. మళ్లీ గాలి తీశారు. మళ్లీ అంతే.

మా ఆయన దిగి తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతులకు మరకే లేదు.

"రబ్బర్లు కొత్తయే గద భాయ్."

"కొత్తయే."

"మరి పాతయి ఏడున్నయి?"

"కోసి పారేసిన."

"పాత రబ్బరును కోసుడెందుకు?"

"నా అలవాటు." భాయ్ ఆయిల్ డబ్బా చేతిలోకి తీసుకుని, తానూ అడిగాడు. "నువ్వు ఆయిల్ ఏడ తెచ్చినవన్నా? డబ్బా మూత ముందుగాల్నే తీసున్నది."

ఆ పూట ఇద్దరూ చాయ్ తాగారు గానీ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భాయ్ పోయాక మా ఆయన నాతో, "పాతయే కడిగి ఏసిండు. లేకపోతే సూపెట్టనీకి ఏంది" అన్నాడు. నేను కాదనలేదు. చెల్లెలి వాచిన కాళ్లే కళ్ల ముందు ఉన్నాయి. అత్తమ్మ అనుమానం వేరు. "ఎదురింటామె మొన్న కారు దిక్కు సూసి మంచిగున్నదన్నది. పుట్టినకాడికెల్లి ఆమె నోట మంచి అన్న మాట ఇన్నమా?" అని ఎండుమిరపకాయలతో కారుకు దిష్టి తీసింది. కారు తుమ్మలేదు గానీ మేమంతా దగ్గాం.

శనివారం పొద్దున మా ఆయన పెంటకుప్ప దగ్గర కట్టెపుల్లతో బూడిద కెలుకుతున్నాడు. పాత రబ్బర్లు దొరుకుతాయేమోనని. సరిగ్గా అప్పుడే భాయ్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఏం ఎతుకుతున్నవన్నా?"

"కారు చావి పడ్డది భాయ్."

"చావి నా తాన్నే ఉన్నది" అని భాయ్ జేబులోంచి తీసి చూపించాడు.

మా ఆయన పుల్ల కింద పడేశాడు. భాయ్ ఇంకో మాట అనకుండా వచ్చి బావివైపు చక్రం విప్పడం మొదలుపెట్టాడు. "నీ కండ్ల ముంగట విప్పుత. కొత్తయో పాతయో నువ్వే సూడు" అన్నాడు. చక్రం తీశాడు, దాని వెనక డోలులాంటి ఇనుప డబ్బా తీశాడు. లోపల సిలిండర్ కనిపించింది. దాని మీద పసుపు, ఆ పసుపు మీద ఎర్రగా కుంకుమ బొట్టు.

"జర ఆగు భాయ్" అన్నాను. "ఇది గోడదిక్కుది."

"ఎట్ల చెప్తవ్ వదినా?"

"కుంకుమ గోడదిక్కు పళ్లేనికే సరిపోయింది. బావిదిక్కు సామానుకు ఉత్త పసుపే."

అత్తమ్మను పిలిచాను. ఆమె చీపురు చేతిలో పట్టుకునే వచ్చింది. తప్పు చేసిన మొహం కాదు ఆమెది. "అవు, నేనే మార్చి పెట్టిన. బావి తూర్పు దిక్కున్నది. నిండ బొట్టున్నదాన్ని తూర్పుకు పెడ్తరా, సగం పూజైనదాన్ని పెడ్తరా? మీరే చెప్పుండ్రి" అంది.

భాయ్ నేల మీద వెల్లకిలా పడుకుని లోపలికి చూశాడు. చాలాసేపటికి లేచి కూర్చున్నాడు.

"దిక్కు మారి గాలి తీసే స్క్రూ కిందికయింది. పైకుండాలె. పళ్లెం సూసి బిగించిన గని స్క్రూ సూడలె."

నాకు అర్థం కావాలని వంటింట్లోంచి నూనె సీసా తెమ్మని, మూత బిగించి తలకిందులు చేశాడు. నూనె కిందికి జారింది, గాలి పైకెక్కి కూర్చుంది. కింద మూత తీస్తే వచ్చేది నూనే. గాలి పైన అట్లాగే ఉంటుంది. మేము ఎన్నిసార్లు తొక్కినా బుడగ లేని ఆయిల్ వచ్చింది అందుకే.

సిలిండర్‌ను విప్పాడు. రబ్బరు తీసి మా ఆయన ముందు పట్టాడు. నల్లగా, అంచు చెదరకుండా ఉంది.

"ఎందుకు భాయ్, నీ మీద నమ్మకం లేదా నాకు?"

"సూడు అన్నా."

మా ఆయన చూశాడు. తల మాత్రం ఎత్తలేదు.

ఈ దిక్కువి ఆ దిక్కుకు మార్చి బిగించారు. నేను మళ్లీ పెడల్ దగ్గర కూర్చున్నాను. ఈసారి సీసాలో బుడగలు అన్నం కుతకుత ఉడికినట్టు వచ్చాయి. అవి ఆగాక తొక్కితే పెడల్ కొద్దిగా దిగి రాయిలాగా నిలబడింది. మా ఆయన, "రేపు నువ్వు గూడ రా భాయ్, సిరికొండకు" అన్నాడు. "నేనెందుకన్నా. బ్రేకులున్నయి గద" అని భాయ్ పానాలు మూటగట్టుకుని పోయాడు.

ఆదివారం చెల్లెల్ని తెచ్చాం. వెనక సీట్లో అది నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నేను మాత్రం ప్రతి దిగుడులోనూ మా ఆయన కాలు వైపే చూస్తూ కూర్చున్నాను. కారు ఆగమన్నచోట ఆగింది. ఐనా చూడటం మానలేకపోయాను. తర్వాత నిజామాబాద్ దవాఖానలో దానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా బాగున్నారు.

కొన్నాళ్లకు పొయ్యి బూడిద పారబోస్తుంటే పెంటకుప్ప అంచున నల్లటి ముక్కలు కనిపించాయి. సగానికి కోసిన రబ్బర్లు, నెలవంకల్లాగా. కోశానన్న మాట నమ్మక మా ఆయన నిండు రబ్బర్ల కోసమే వెతికాడు, అందుకే కనిపించలేదు. ఒకరోజు చాయ్ ఇస్తూ భాయ్‌నే అడిగాను, ఎందుకు కోస్తావని. "కొయ్యకపోతే ఎవడో ఒకడు ఏరుకపోయి, కడిగి, ఇంకొకని బండికి ఏస్తడు వదినా" అన్నాడు.

ఆ తర్వాత కూడా మా కారు పని ఆయనే చేశాడు. మాటా పలుకూ మునుపటిలాగే ఉండేవి. కానీ రబ్బర్లు మార్చిన ప్రతిసారీ పాతవి కోయకుండా, గుడ్డతో తుడిచి, మా అరుగు మీద వరుసగా పెట్టేవాడు. "పాతయి ఇవ్వి అన్నా, సూసుకో" అనేవాడు. మా ఆయన అటువైపు చూసేవాడు కాదు.

భాయ్ గల్లీ మలుపు తిరిగేదాకా ఆగి, వాటిని నేనే లోపలికి తెచ్చి, కత్తిపీట మీద పెట్టి సగానికి కోసేదాన్ని.