కంపెనీ రాతికి పసుపు

మారప్ప సంగతి తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన మీద కాదు, ఆ గీత గీసినవాళ్ళ మీద.

హిందూపురంలో మాది విత్తనాల అంగడి. మారప్పది పరిగి దాటాక కర్ణాటక అంచున చిన్న పల్లె. గొర్రెలు కాస్తాడు. ఉన్నదల్లా వంక అవతల ఒక్క చేను, అందులో బావి. ఆ నీళ్ళుంటేనే గొర్రెలు బతికేది, ఇంట్లో పొయ్యి వెలిగేది. పోయిన వేసవిలో అవతలి రాష్ట్రం వాళ్ళొచ్చి చేను తమదని కంచె గుంజలు పాతారు. రెండు వైపుల సర్వేయర్లూ కలిసి కొలిచేదాకా అటు రావద్దన్నారు.

మరునాడే మారప్ప వచ్చి మా అంగట్లో కూలబడ్డాడు. "శెట్టీ, సదువుకున్నోడివి గదా. ఈ గీత ఎవుడు గీసినాడు? వాడు యాడుంటాడు?"

చెప్పాను. టిప్పు పడిపోయాక తెల్లవాళ్ళు మైసూరును పంచారు. అవతలి నేల పాత రాజుల వంశానికి, మన వైపు నిజాముకు. మరుసటి ఏడు నిజాం తన సైన్యం ఖర్చు కింద మనల్ని కంపెనీకి రాసిచ్చేశాడు. అడిగినవాడెవడు మనల్ని? సంతలో గొర్రెనైనా పళ్ళు చూసి కొంటారు!

"వాళ్ళదే దేశం?"

"ఇంగ్లండు. పక్కన స్కాట్లాండు, వేల్సు, ఐర్లండులో ఒక ముక్క. అన్నీ కలిపి ఒక రాజ్యం."

"అంటే వాళ్ళకీ గీతలుండాయా?"

"లేకేం? ఐర్లండును కూడా కోశారు. ఆ గీత కాడ కొట్టుకు చచ్చారు."

"పాపం, ఆడా గొర్లు మేపేటోళ్ళు ఉంటారు గదా."

"పాపమేందయ్యా నీ తలకాయ! ముందు నీ చేను చూసుకో. కంపెనీవాళ్ళు పాతిన హద్దు రాయి ఉండాలే, ఏదది?"

అప్పుడు చెప్పాడు ఆయన. రాయి ఉంది. గంగమ్మ అయి ఉంది. వంక అవతల, చేను దాటాక ఒంటరిగా నిలబడ్డ ఆ రాతికి గొర్రెలకాపర్లు ఏనాడో పసుపు పూసి మొక్కడం మొదలుపెట్టారు. వంక పొంగితే ఆడవాళ్ళు పొంగలి పెట్టడానికి దాటలేకపోతున్నారని, మారప్ప తాత దాన్ని ఉరుము డప్పుల మోతతో మోసుకొచ్చి ఇవతల నిలబెట్టాడు. హద్దు ఊళ్ళోకొచ్చింది, చేను హద్దు బయట మిగిలింది.

పెనుకొండలో అధికారి కాళ్ళు పట్టుకున్నాం. ధర్మవరంలో వకీలును బతిమాలాం. రాయి జరిగిందని ఊరు సాక్ష్యం చెప్పాలన్నారు అందరూ.

కొలతల రోజు నేనూ వెళ్ళాను. ఊరిపెద్ద కుళ్లాయప్ప తల తిప్పుకుని అన్నాడు: "తాతల కాలం నుంచి తల్లి ఈడే ఉండాది."

నా నోరు ఊరుకుంటుందా? "అబద్ధం!" అని అరిచాను.

"అసలు చోటైతే కింద పాత గుర్తు ఉంటుంది. పీకి చూస్తే తేలిపోతుంది" అన్నాడు మన వైపు సర్వేయరు.

కుళ్లాయప్ప అడ్డం నిలబడ్డాడు. "తల్లిని పీకితే ఊరు నిలుస్తాదా? నీ చేను కోసరం మా మందలన్నీ సావాల్నా, మారప్పా?"

"చేను నీది. అడగాల్సింది నువ్వే. పీకమంటావా?" అన్నాడు సర్వేయరు.

మారప్ప రాతి మీద చెయ్యి పెట్టాడు.

"చెప్పు, హేమావతి నాయనా! పీకమని చెప్పు!" ఆయన భార్య రామక్క గొంతు చించుకుంది. "నీళ్ళు లేకుండా ఎట్ల బతికేది?"

"మన బిడ్డ హేమావతిని ఇచ్చింది ఈ తల్లే" అన్నాడు మారప్ప. "పీకమని ఏ నోటితో చెప్పేది?"

చెయ్యి తీసేశాడు. కొలత ఆ రాతి నుంచే మొదలైంది. మధ్యాహ్నానికి బావి అవతలి రాష్ట్రానికి పోయింది.

రామక్క గుప్పెడు మన్ను తీసి గంగమ్మ ముఖాన కొట్టింది. మారప్ప ఏడుస్తూనే తువ్వాలుతో తుడిచాడు.